నీ కథ నువ్వే చదువు

తిరుపతి

అమ్మీ,

నీ కథ సంకలనంలో వచ్చిందని, రచయితలందరినీ ఆన్‌లైన్‌లో కూర్చోబెట్టి చదివించి, మాట్లాడించి, వీడియో పెడతారని నిన్న ఫోన్‌లో చెప్పావు. ఎంత సంతోషపడ్డానో! ఆ వెంటనే, "నేను చదవనులేమ్మా, నా గొంతు బాగుండదు, ఎవరైనా యాంకర్ చేత చదివిస్తామన్నారు, అదే మేలు. పైగా మన యాస విని నవ్వుతారు" అన్నావు. దీనికి జవాబు ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలేది కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

రిటైరైన దగ్గర్నుంచి రాత్రి భోజనాలయ్యాక టీవీలో యూట్యూబ్ పెట్టుకుని రచయితల వీడియోలు చూడటం నాకు అలవాటు. నాన్న కూడా వచ్చి కూర్చుంటారు. ఇంగ్లీషులో మాట్లాడేవాళ్ళ ఉచ్చారణ అందకపోతే స్పీడు కొంచెం తగ్గించి, కింద అక్షరాలు పెట్టుకుంటాం. చూడగా చూడగా నాకు ఒక తేడా బాగా పట్టుబడింది. మన పుస్తకావిష్కరణ సభల్లో జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, నలుగురు వక్తల ప్రసంగాలు అయ్యాక రచయితకు మైకు అందుతుంది. అప్పటికి టైమ్ అయిపోతుంది. ఆయనో ఆవిడో అందరికీ ధన్యవాదాలు చెప్పి కూర్చుంటారు. రెండు గంటల వీడియో చూశాక ఆ పుస్తకంలోంచి ఒక్క పేజీ కూడా మన చెవిన పడదు. బయటి దేశాల్లో చాలాచోట్ల ముందు రచయిత లేచి ఓ పది నిమిషాలు తన పుస్తకంలోంచి చదువుతారు. ఆ తర్వాతే సంభాషణ, ఆ తర్వాత సభలోవాళ్ళ ప్రశ్నలు. నాకు ఆ పద్ధతే నచ్చింది. ముందు వంట వడ్డించి, తర్వాత రుచి గురించి మాట్లాడుకున్నట్టు ఉంటుంది.

మనకు చెవితో వినే అలవాటు లేదా అంటే, మనకున్నంత ఎవరికుంది? అవధానాల్లో పద్యం పుట్టడమే సభ ముందు పుడుతుంది. హరికథ, బుర్రకథ, నాటకాల్లో పద్యాలు, రేడియోలో జాషువా పద్యాలు... ఇదంతా విని పెరిగిన జాతి మనది. వచనం వచ్చేసరికి మాత్రం ఎందుకో కంటికే వదిలేశాం. క్లాసులో పాఠం చెప్పేటప్పుడు కథను పైకి చదివితే వెనక బెంచీ పిల్లలు కూడా తలెత్తేవాళ్ళు. అదే కథ మౌనంగా చదువుకోమంటే సగంమంది కిటికీ వైపు చూసేవాళ్ళు. ఏళ్ళ తరబడి నా కళ్ళతో చూసిన సంగతి ఇది.

గొంతు బాగుండదన్నావు కదా, 2024లో నోబెల్ బహుమతి వచ్చిన కొరియా రచయిత్రి హాన్ కాంగ్ ప్రసంగం ఒకసారి చూడు. డిసెంబర్‌లో స్టాక్‌హోమ్‌లో, పెద్దల సభలో, తన కొరియా భాషలోనే చదివింది. ఎంత మెల్లని గొంతో! ఎక్కడా గొంతు పెంచదు, చెయ్యి ఊపదు. ఇల్లు మారే ముందు సామాన్లు సర్దుతుంటే ఒక పాత బూట్ల పెట్టెలో, తాను ఎనిమిదేళ్ళప్పుడు రాసుకున్న కవితల చిన్న పుస్తకం దొరికిందని మొదలుపెడుతుంది. నాకు కొరియా భాష ఒక్క ముక్క రాదు. కింద ఇంగ్లీషు అనువాదం చదువుకుంటూనే చూశాను. అయినా ఎక్కడ ఆగుతోందో, ఏ వాక్యం ఆమెకు బరువుగా ఉందో తెలిసిపోతూనే ఉంది. 2019లో పోలండ్ రచయిత్రి ఓల్గా తొకార్చుక్ కూడా అలాగే తన భాషలోనే చదివింది. అంత పెద్ద వేదిక మీద వాళ్ళు తమ భాషలో, తమ గొంతుతో చదివితే, నువ్వు తెలుగువాళ్ళ ముందు మన తెలుగు చదవడానికి ఎందుకమ్మా జంకడం?

యాస సంగతే ముఖ్యంగా చెప్పాలి. నీ కథకు ప్రాణం అవ్వ మాటల్లోనే ఉంది. "వాన రాలేదనుకుంటే ఎట్లమ్మే, ఇత్తనం యేసినాక చూస్తా కుచ్చోవాల్సిందే" అని రాశావే, ఆ వాక్యాన్ని యాంకరమ్మ టీవీ వార్తలు చదివినట్టు చదివితే ఏమైపోతుంది? అవ్వ ఎక్కడ సాగదీసేదో, ఎక్కడ టక్కున తుంచేసేదో అచ్చులో పెట్టే వీల్లేదు. అది నీ చెవిలో ఉంది, నా చెవిలో ఉంది. చిత్తూరు జిల్లా పల్లె మాటను రచయిత నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారు అచ్చులోకి అంత ధైర్యంగా తెచ్చారు కాబట్టే, ఈరోజు నువ్వు ఆ మాట రాయడానికి ఎవరి పర్మిషనూ అడగక్కర్లేదు. రాసిన ధైర్యం పలకడంలో కూడా ఉండాలి.

మన మధురాంతకం రాజారాం గారినే తీసుకో. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెబడుల్లో పంతులుగా పనిచేస్తూ వందల కథలు రాశారు, 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు, 1999లో కన్నుమూశారు. అప్పటికి యూట్యూబ్ పుట్టలేదు, అందరి చేతుల్లో కెమెరా ఫోన్లూ లేవు. డాక్టర్ కేశవరెడ్డి గారూ మన జిల్లా మనిషే. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ అన్ని నవలలు రాసి 2015లో వెళ్ళిపోయారు. "అతడు అడవిని జయించాడు"లో ముసలాయన పందిని వెతుక్కుంటూ అడవిలోకి పోయే రాత్రి ఉంది చూడు, ఆ పేజీలు ఆయన నోట వినాలని నాకెంత ఆశగా ఉంటుందో. ఎంత బాగా చదివే నటుడు చదివినా నా ఆశ తీరదు.

శ్రీశ్రీ విషయంలో ఆ అదృష్టం మనకు దక్కింది. 1981లో లండన్ నుంచి గూటాల కృష్ణమూర్తి గారు "మహాప్రస్థానం"ను శ్రీశ్రీ చేతిరాతతోనే అచ్చు వేయించి, ఆయన గొంతుతో చదివిన క్యాసెట్‌ను కూడా జోడించారు. సభల్లో ఆ గీతాలను గర్జించి చదివినవాళ్ళను ఎందరినో విన్నాం. కవి తాను చదివింది కూడా ఉంది కాబట్టి, దాని పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు కూడా 2000లో తమ ఢిల్లీ ఆఫీసు ద్వారా దక్షిణాసియా రచయితల చేత వాళ్ళ రచనలు వాళ్ళనే చదివించి రికార్డు చేయడం మొదలుపెట్టారు. అందులో తెలుగువాళ్ళూ ఉన్నారు. నెట్‌లో వెతుక్కుని విను.

తిరుపతిలో ఉండి అన్నమయ్య ప్రస్తావన లేకుండా ఈ ఉత్తరం ఎలా ముగిస్తాను? రాగిరేకుల మీద వేల సంకీర్తనలు చెక్కించారు. శతాబ్దాల పాటు కొండ మీద భద్రంగా ఉండి మన దాకా వచ్చాయి. ప్రతి పాటకూ రాగం పేరు ఉంది. ఆయన దాన్ని ఎలా పాడేవారో చెప్పే స్వరం మాత్రం రేకు మీద లేదు. మనం ఇప్పుడు వినే వరుసలు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి గారు, మన గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు, వాళ్ళలాంటి మహానుభావులు ఈ కాలంలో కట్టినవి. వాళ్ళకు చేతులెత్తి మొక్కుతాను. అయినా ఇక్కడి మహతి ఆడిటోరియంలో కచేరీ వింటూ కూర్చున్నప్పుడు, ఆయన గొంతు ఒక్క పల్లవికైనా మిగిలుంటే ఎంత బాగుండేది అని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది. ఇప్పుడు గొంతును దాచిపెట్టే ఆ పని నీ అరచేతిలో ఫోన్ చేస్తుంది. దాన్ని వద్దనుకోవడం నాకు భరించరానిదిగా ఉంది.

ఇక ఎలా చదవాలో చెప్తా. ఇన్ని వీడియోలు చూసి నేర్చుకున్నదీ, పంతులమ్మగా నాకు తెలిసిందీ కలిపి చెప్తున్నా. కథ మొత్తం చదవకు. చార్లెస్ డికెన్స్ ఊరూరా తిరిగి తన పుస్తకాలు చదివి వినిపించేవాడు. దానికోసం ప్రత్యేకంగా ఒక ప్రతి తయారు చేసుకునేవాడు. అచ్చు పేజీలను పెద్ద కాగితాల మీద అతికించి, వినడానికి అక్కర్లేని పేరాలు కొట్టేసి, ఎక్కడ గొంతు మార్చాలో అంచుల్లో రాసుకునేవాడు. అంత పేరున్నవాడే తన వాక్యాలను కొట్టేసుకున్నాడు. నువ్వూ ప్రింట్ తీసుకుని పెన్నుతో గీతలు పెట్టుకో. స్క్రీన్ మీద చూసి చదివితే కళ్ళు ఒకచోట, కెమెరా ఒకచోట అవుతాయి. కాగితమైతే తలెత్తినప్పుడల్లా వినేవాళ్ళ వైపు చూడొచ్చు. "అని ఆమె అంది", "అని అతను అన్నాడు" లాంటివి సగం తీసేయొచ్చు, గొంతే చెప్తుంది ఎవరు మాట్లాడారో. ఫ్యాన్ ఆపెయ్. ఫోన్ కళ్ళకు సమంగా పెట్టుకో, కింద నుంచి చూపిస్తే ముఖం బాగా రాదు. నువ్వు టెన్షన్‌లో గబగబా చదువుతావు, చిన్నప్పటి నుంచీ అంతే. నీకు మరీ నెమ్మది అనిపించేదే వినేవాళ్ళకు సరిపోతుంది.

చదవడం అయ్యాక ప్రశ్నలొస్తాయి. ఆడవాళ్ళు కథ రాస్తే మొదటి ప్రశ్న "ఇది మీ జీవితమేనా?" అనే. ఎన్ని వీడియోల్లో చూశానో. చిరాకు పడకు, వివరణలూ ఇచ్చుకోకు. మా అవ్వ మాట్లాడే తీరు ఇది, కథ మాత్రం నేను అల్లింది అని చెప్పు, చాలు. ముగింపుకు అర్థం చెప్పమంటే మాత్రం చెప్పొద్దు. అది చదివేవాళ్ళకు వదిలిపెట్టు. ఎంత పెద్ద రచయిత అయినా తన కథకు తానే టీకా తాత్పర్యం చెప్పడం మొదలుపెట్టాడంటే నాకు అతని మీద కొంచెం గౌరవం తగ్గుతుంది. కథ ఎలా పుట్టింది, ఏ వాక్యం దగ్గర ఇరుక్కున్నావు, ఏది తీసేశావు, ఇవి చెప్పు. డెన్మార్క్‌లోని లూసియానా మ్యూజియం వాళ్ళ చానల్‌లో రచయితల ఇంటర్వ్యూలు చూడు. ప్రశ్న వేసేవాళ్ళు తెర మీదకు దాదాపు రారు. రచయిత తన పని గురించి పనివాడిలా మాట్లాడతాడు. నాకు అవే అన్నిటికంటే ఇష్టం.

ఏ భాగం చదవాలని నన్నడిగితే, చెనిక్కాయలు పీకే రోజుది చదువు. అవ్వ, కూలికి వచ్చిన ఆడోళ్ళు మాట్లాడుకునే చోట మొదలుపెట్టి, కాయల్లో పప్పు లేదని తెలిసేచోట ఆపెయ్. బాయి దగ్గర సీను బాగున్నా పైకి చదివితే పట్టు సడలుతుంది, నేను నిన్న రాత్రి గట్టిగా చదివి చూశాను. ఆదివారం సాయంత్రం వీడియో కాల్ చేసి మాకు ఒకసారి చదివి వినిపించు. నాన్న టైమ్ చూస్తారు. పెద్దత్తను కూడా పిలుస్తాను, అవ్వ మాట తీరు ఎక్కడైనా తప్పితే ఆమె పట్టుకుంటుంది.

యాంకర్ వద్దని వాళ్ళకు ఈరోజే మెసేజ్ పెట్టెయ్.

ఆశీస్సులతో,
అమ్మ