ఏసీ కింద గిన్నె

విశాఖపట్నం,
ఆగస్టు 18

ఒరేయ్ సూరీ,

కాకినాడకి ట్రాన్స్‌ఫర్ అయిందని, పడకగదికి ఒకటిన్నర టన్ను ఏసీ కొంటున్నావని రాశావు. కాస్త ఆగరా. పదేళ్లు హైదరాబాదులో ఉండి ఉక్కపోత అంటే ఏమిటో మర్చిపోయినట్టున్నావు. అక్కడ ఎండాకాలం కూలర్‌తో గడిచిపోతుంది. ఇక్కడ కూలర్ పెడితే తడి గాలికి ఇంకాస్త తడి కలిపినట్టే. సముద్రం పక్కన ఏసీకి చల్లబరచడం ఎంత పనో, గాలిలోంచి నీళ్లు పిండడం కూడా అంతే పని. ఈ సంగతి నేను జులైలో తడిసి నేర్చుకున్నాను.

రాత్రి రెండింటికి మా అమ్మ లేపింది. "ఒరేయ్, కప్పు కారుతోందిరా." మాది రెండో అంతస్తు, పైన ఇంకా మూడున్నాయి! లైటు వేస్తే ఇండోర్ యూనిట్ మూల నుంచి సన్నటి ధార, సరిగ్గా అమ్మ దిండు మీదకి. ఆ రాత్రికి సాంబారు గిన్నె పెట్టి పడుకున్నాం. టప్ టప్ మంటుంటే నిద్ర పడుతుందా?

పొద్దున్నే మెకానిక్ వచ్చాడు. చెయ్యి పెట్టి చూసి "గ్యాస్ తక్కువుంది సార్" అన్నాడు. ప్రెషర్ కొలవలేదు, కాయిల్ మీద, అంటే లోపల గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట మీద, మంచు పట్టిందో లేదో చూడలేదు. గ్యాస్ తగ్గినా, ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా కాయిల్ గడ్డకట్టి, అది కరిగి నీళ్లు కారే మాట నిజమే. కానీ మా గది బ్రహ్మాండంగా చల్లబడుతోంది కదా! రెండున్నర వేలు ఇచ్చాను. మూడు రోజులు బాగానే ఉంది. నాలుగో రాత్రి మళ్లీ రెండింటికే ధార.

అసలు దొంగ ఎవరో తెలుసా? మా బకెట్టు. డ్రెయిన్ పైపు నీళ్లు వృథా పోతున్నాయని బాల్కనీలో నేనే బకెట్టు పెట్టి, పైపు కొస అందులోకి వదిలాను. ఇక్కడి వానాకాలంలో ఏసీ రాత్రంతా నీళ్లు దింపుతూనే ఉంటుంది. అర్ధరాత్రి దాటేసరికి పైపు కొస నీళ్లలో మునిగిపోయేది. పైగా ఆ పైపు కిటికీ గ్రిల్ మీద నుంచి ఒంటె మూపులా లేచి దిగుతుంది. ఆ వంపుకీ బకెట్టులో నీళ్లకీ మధ్య గాలి చిక్కుకునేది. నీళ్లు దిగే దారి లేక లోపలి ట్రే నిండి గదిలోకి పొర్లేది. మధ్యలో ఆ మూడు రోజులూ మా ఆవిడ బట్టలు నానబెట్టడానికి బకెట్టు తీసుకుంది. అంతే, గ్యాస్ మహిమ ఏమీ లేదు! మొక్కలకి పట్టిన నీళ్లు తన దిండు మీద పోశానని అమ్మ ఇప్పటికీ అందరికీ చెబుతోంది.

పైపుకి వాలు సరిచేయించి, లోపలంతా కడిగించాను. వేలెడు పాకుడు ఊడివచ్చింది. ముక్కిపోయిన వాసన దాంతోనే సగం పోయింది. మిగతా సగం, రాత్రంతా తడిసిన కాయిల్‌ని అలాగే మూసి ఉంచడం వల్ల. అందుకే పొద్దున్న ఆపే ముందు ఇరవై నిమిషాలు ఉత్త ఫ్యాన్ మోడ్‌లో నడుపుతున్నాం. ఆ తడి గదిలోకే వస్తుంది కాబట్టి కిటికీ తీస్తాం.

ఇక నీ ఒకటిన్నర టన్ను సంగతి. నీ గది పది బై పన్నెండు, పైన ఇంకో అంతస్తు ఉందన్నావు. దానికి ఒక టన్ను చాలు. నాదీ అంతే గది, గొప్పకి పోయి ఒకటిన్నర పెట్టాను. పాత రకం, కంప్రెసర్ వేగం తగ్గించుకుని ఆగకుండా నడిచే ఇన్వర్టర్ రకం కాదు. పది నిమిషాల్లో గది చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది. ఈలోగా తడి ఎక్కడ లాగుతుంది? చల్లగా ఉంటుంది గానీ ఒళ్లు జిగటగా, దుప్పటి చెమ్మగా ఉంటుంది. బీరువాలో నా పెళ్లి కోటుకి బూజు పట్టింది. ఇప్పుడు తడి లాగడానికే ఉన్న డ్రై మోడ్ వాడుతున్నాను, కాస్త నయం. ఇన్వర్టర్ ఏసీ కూడా మరీ నెమ్మదిగా నడిచేటప్పుడు కాయిల్ అంత చల్లబడక తడి తక్కువే లాగుతుందట. ఇన్వర్టరే కదా అని పెద్దది కొనకు.

అన్నట్టు, మీ నాన్నగారి ప్రెస్సులో ముసురు పట్టినప్పుడు కాగితం ఉబ్బి రంగులు పక్కకి జరిగేవి, గుర్తుందా? 1902లో విల్లిస్ క్యారియర్ అనే అమెరికా ఇంజనీరు మొదటి ఏసీ రూపకల్పన చేసింది సరిగ్గా ఆ బాధకే, న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సు కోసం. మనుషుల చెమట సంగతి తర్వాత! ఇది చదివితే మీ నాన్నగారు ఎంత నవ్వుకుంటారో, చెప్పు.

ఫిట్టింగ్ రోజు మాత్రం ఆఫీసుకి సెలవు పెట్టు. గోడ కన్నం బయటికి వాలేలా కొట్టించు. గోడలోకి వెళ్లే రాగి పైపుల మీద నల్ల స్పాంజి తొడుగు ఎక్కడా చిరగకుండా చూడు. చిరిగినచోట పైపుకి చెమట పట్టి గోడ రంగు పొక్కులు లేస్తుంది. వాళ్లు వెళ్లేలోపు ట్రేలో చెంబుడు నీళ్లు పోయించి బయటికి వస్తున్నాయో లేదో చూసుకో. ఏసీ నీళ్లు కరెంటు పోతే వాడే ఇన్వర్టర్ బ్యాటరీలో మాత్రం పోయకు, గదిలో దుమ్మూ ధూళీ ఆ నీళ్లలోనే ఉంటాయి.

గది ఫోటో పంపు, పడమటి గోడకి కిటికీ ఉందో లేదో చూసి చెబుతాను. అమ్మ నిన్ను అడిగినట్టు రాయమంది, వచ్చేటప్పుడు కాజాలు తెమ్మంది.

నీ
బాబీ