స్కూల్లో ఉచిత పళ్ల శిబిరం, ఇంటికి 65 వేల చీటీ

సంపాదకుడు గారికి,

మా పాపకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. స్కూల్లో ఉచితంగా పళ్లు చూశారని మొన్నామధ్య ఒక చీటీ తెచ్చింది. పళ్ల బొమ్మ మీద నాలుగుచోట్ల ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి, కింద 'పిప్పి 4, క్లిప్పులు అవసరం, వెంటనే సంప్రదించగలరు' అని రాసి ఉంది. దాని పక్కనే క్లినిక్ ఫోన్ నంబరు. సాయంత్రానికి మా తల్లుల వాట్సాప్ గ్రూపు నిండా ఇవే చీటీలు. ఫొటో పెట్టిన పదకొండు మందిలో తొమ్మిది మంది పిల్లలకు క్లిప్పులు రాశారు!

పిల్ల పళ్ల విషయం కదా, వెళ్లాం. నోట్లో చిన్న కెమెరా పెట్టి, టీవీ అంత స్క్రీన్ మీద దవడ పన్ను చూపించారు. అంత పెద్దగా చూపిస్తే వెంట్రుకంత గీత కూడా మూసీలాగే కనిపిస్తుంది. డాక్టరు గారు రెండు నిమిషాలు మాట్లాడి వెళ్లిపోయారు. మిగతా ఇరవై నిమిషాలూ మాట్లాడింది కాలిక్యులేటర్ పట్టుకున్న ఒకమ్మాయి. క్లిప్పులు, ఫిల్లింగులు, ఏడాది పాటు క్లీనింగులు కలిపి ప్యాకేజీ 65 వేలట. ఆ రోజే అడ్వాన్స్ కడితే 10 వేలు తగ్గిస్తారట, ఈఎంఐ కూడా ఉందట. ఎక్స్‌రే ఇవ్వమంటే సిస్టమ్‌లో ఉంటుందన్నారు. మావారితో మాట్లాడి చెబుతానని లేస్తుంటే, "ఇప్పుడు వేయించకపోతే దవడే వంకర పోతుంది మేడమ్" అంది. ఆ ఒక్క మాటతో మూడు రాత్రులు టెన్షన్.

నాలుగో రోజు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆస్పత్రికి తీసుకెళ్లాను. మధ్యాహ్నం దాకా క్యూలోనే సరిపోయింది. అక్కడి డాక్టరమ్మ చీటీ పక్కన పెట్టుకుని, అద్దంతో ఒక్కో పన్నూ చూస్తూ సున్నాలు కొట్టేస్తూ వచ్చారు. రెండు పిప్పి కావు, పన్ను గాడిలో పట్టిన మరకలు. మూడోది ముందు పాలపన్ను, అప్పటికే కదులుతోంది. నాలుగోది మాత్రం నిజంగా పిప్పే. "అదీ ఊడిపోయేదేగా" అన్నాను. "కాదమ్మా, ఇది ఆరేళ్లప్పుడు వెనకాల వచ్చే పన్ను. ఏ పాలపన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి అందరూ పాలపన్నే అనుకుని వదిలేస్తారు. ఇది పోతే మళ్లీ రాదు" అన్నారు. ఆ రోజే సిమెంట్ పెట్టారు. ఇక క్లిప్పుల సంగతికొస్తే, ముందు పళ్ల మధ్య సందు ఈ వయసులో మామూలేనని, కోరపళ్లు దిగాక చాలామందికి దానంతటదే మూసుకుంటుందని, పన్నెండేళ్లు వచ్చేలోపు ఒకసారి తీసుకురమ్మని చెప్పారు.

నాలుగు సున్నాల్లో ఒకటి నిజం. నన్ను భయపెట్టింది అదే. ఆ ప్యాకేజీ గోల చూసి, ఆ ఒక్కటీ కూడా అబద్ధమేనని చీటీ చించేసేదాన్నే. మా నాన్నగారు అలాగే డాక్టర్లను నమ్మక, లవంగ నూనెతో సరిపెట్టుకుని, యాభై ఐదేళ్లకే కట్టుడు పళ్లకు వచ్చారు. క్లిప్పులు చిన్నప్పుడే కావాల్సిన పిల్లలూ ఉంటారు. కింది పళ్లు పై పళ్లను దాటి ముందుకొచ్చినా, ఎత్తుపళ్లు మరీ బయటికి ఉండి పడితే విరిగేలా ఉన్నా ఆగకూడదట. మరి మా పాపది ఏ రకమో చీటీలో ఒక్క ముక్క రాయలేదే! బ్రిటన్‌లో ప్రభుత్వ ఖర్చుతో క్లిప్పులు వేయాలంటే పళ్ల తీరును 1 నుంచి 5 వరకు గ్రేడు కట్టి చూస్తారు. 1, 2 గ్రేడుల పిల్లలకు వేయరు. జబ్బు లేని జ్ఞానదంతాన్ని ఊరికే పీకొద్దని కూడా అక్కడ 2000లోనే మార్గదర్శకాలు ఇచ్చారు. ఇక్కడ మావారికి నొప్పీ వాపూ లేని జ్ఞానదంతాన్ని 'ముందు జాగ్రత్తగా' తీసేద్దామన్నారు, అది వేరే కథ.

వైద్యం రేట్లు స్థానిక భాషలోనూ, ఇంగ్లిష్‌లోనూ అందరికీ కనపడేలా పెట్టాలని 2012 నాటి కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ నిబంధనల్లో ఉంది. మా కొత్తపేట చుట్టుపక్కల నేను ఎక్కిన క్లినిక్ మెట్ల మీద అలాంటి బోర్డు ఒక్కటీ కనపడలేదు. కనపడినవన్నీ తెల్లటి నవ్వుల పోస్టర్లే. ఆ బోర్డుల సంగతి వైద్యారోగ్య శాఖ చూడాలి. స్కూళ్ల సంగతి విద్యాశాఖ చూడాలి: పిల్లల నోళ్లు పరీక్షించే శిబిరం ప్రభుత్వ డెంటల్ కాలేజీలతోనే పెట్టించాలి. ప్రైవేటు వాళ్లే వస్తే, చీటీ మీద ఏ పన్ను, ఏమైంది, ఎందుకు ఆగకూడదు అన్నది తెలుగులో రాయాలి, ఫోన్ నంబరు ఉండకూడదు.

వచ్చే నెల మా పాప స్కూల్లో కంటి శిబిరమట. సర్క్యులర్ ఏదో ఆలోపే ఇప్పిస్తే మేలు.

భవదీయురాలు,
ఒక తల్లి, కొత్తపేట, హైదరాబాద్