మత్తు గురించి కూడా అడగాలి

సంపాదకులకు నమస్కారం.

లైంగిక వృత్తి అనగానే అందరికీ స్త్రీలే గుర్తుకొస్తారు గానీ, పొట్టకూటికి అదే పని చేసే మగవాళ్ల ఊసు ఎక్కడా వినిపించదు. హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రంలో కొన్నేళ్లు కౌన్సెలర్‌గా పనిచేసినందువల్ల ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఒక సాయంత్రం వచ్చిన ఇరవై రెండేళ్ల కుర్రాడు నా ప్రశ్నలన్నీ విని, "కండోమ్ జేబులోనే ఉంటుంది సార్. క్వార్టర్ పడనిదే కస్టమర్ దగ్గరికి వెళ్లలేను, పడ్డాక జేబు సంగతే గుర్తుండదు" అన్నాడు. ఆ మాట రాసుకోవడానికి నా ఫారంలో గడి లేదు. తాగుడు మాన్పించే చోటికి వెళితే రోజుకు ఎంత తాగుతావని అడుగుతారే తప్ప, ఏ పనికి వెళ్లే ముందు తాగుతావని అడగరు. అడిగినా నిజం చెప్పే ధైర్యం అతనికి ఉండదు.

అతను నా దగ్గరికి వచ్చింది కండోమ్ లేకుండా గడిచిన రాత్రి తర్వాత ఆరో రోజున. అలాంటి సందర్భంలో హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటలలోపే మొదలుపెట్టి 28 రోజులు వాడాలని చెబుతున్నప్పుడు అతని ముఖం చూడలేకపోయాను. మత్తు దిగి, సిగ్గు తీరి, ఎవరిని అడగాలో తెలిసేసరికే ఆ గడువు దాటిపోతుంది. కొబ్బరి నూనె రాస్తే రబ్బరు కండోమ్ చిరుగుతుందనీ, నీటితో చేసిన జెల్లీయే వాడాలనీ అతనికి అంతవరకు ఎవరూ చెప్పలేదు. సూదితో మత్తు ఎక్కించుకునేవారు ఒకే సిరంజి పంచుకుంటే హెపటైటిస్-సి ముప్పు కూడా తోడవుతుంది.

పోలీసు తనిఖీ భయంతో కండోమ్‌లు పారేసేవాళ్లను కూడా చూశాను. కండోమ్ దగ్గర ఉండటాన్ని నేరానికి సాక్ష్యంగా చూడరాదన్న సిఫార్సును పాటించాలని సుప్రీంకోర్టు 2022 మే 19న రాష్ట్రాలను ఆదేశించింది. స్టేషన్లలో ఆ సంగతి ఎందరికి తెలుసో పై అధికారులు ఆరా తీయాలి.

హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రంలో మద్యం, మత్తుమందుల గురించీ, డీ-అడిక్షన్ కేంద్రంలో లైంగిక ఆరోగ్యం గురించీ మర్యాదగా అడిగేలా సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని ఉభయ తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలను కోరుతున్నాను. అర్ధరాత్రి అత్యవసర విభాగానికి వచ్చిన మగవాడిని గుచ్చి గుచ్చి అడగకుండా, తెల్లవారేదాకా ఆపకుండా, హెచ్‌ఐవీ సోకకుండా వాడే ఆ మందుల మొదటి మోతాదు అక్కడే ఇచ్చే ఏర్పాటు చేయాలి. హెచ్‌ఐవీ సలహాకు 1097, మత్తు మానడానికి 14446 నంబర్లకు ఉచితంగా ఫోన్ చేయవచ్చని ఈ ఉత్తరం చదివే అలాంటి సోదరులకు మనవి.

— ఒక మాజీ కౌన్సెలర్, విజయవాడ