చేపల లోడు, సిమెంటు లోడు

నరసన్నపేట

చిన్నోడికి,

నిన్న నువ్వు ఫోనులో "నాన్నా, మా గోడౌను వాళ్లం సమ్మెలోకి దిగుతున్నాం" అన్నప్పుడు పక్కనే మీ అమ్మ ఉంది. అందుకే ఊ కొట్టి పెట్టేశాను. దిగొద్దని చెప్పడానికి కాదు ఈ ఉత్తరం. ఇన్నేళ్లు లారీ తోలినవాడిని, ఆ మాట నా నోట రాదు.

ఒకసారి లారీల సమ్మెలో మమ్మల్ని టెక్కలి దగ్గర ఆపేశారు. నాది సిమెంటు లోడు. నా ముందున్నది భీమవరం నుంచి హౌరా పోయే చేపల లోడు. మధ్యాహ్నానికి ఐసు కరిగి, ఆ నీళ్లు కారుకుంటూ నా ముందు టైర్ల దాకా వచ్చేశాయి. ఆ డ్రైవరు ఫోను మోగుతూనే ఉంది. ఓనరు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసు, అక్కడ సరుకు కొన్నవాడు, అందరూ బతిమాలడమే. నన్ను మాత్రం మూడు రోజులైనా అడిగిన నాథుడు లేడు. సిమెంటు కుళ్లదు కదా! ఆగిన సరుకు ఎంతసేపు ఓర్చుకుంటుందో దాన్నిబట్టే మన మాటకి విలువని అక్కడే తెలిసింది. (ఆ చేపల రైతు ఏమైపోయాడో అన్న ఆలోచన అప్పుడు రాలేదు. ఇప్పుడొస్తోంది.)

2024 జనవరి గుర్తుందా? యాక్సిడెంటు చేసి చెప్పకుండా పారిపోతే 10 ఏళ్ల దాకా జైలన్న సెక్షను మీద డ్రైవర్లు బళ్లు ఆపేశారు. ట్యాంకర్లు రావేమోనన్న భయానికే హైదరాబాదు బంకుల మీద జనం ఎగబడ్డారు. ఒక కుర్రాడు గుర్రమెక్కి ఫుడ్ డెలివరీకి వెళ్లిన వీడియో నువ్వే పంపావు. జనవరి 2 రాత్రికే కేంద్రం దిగొచ్చి, లారీల సంఘంతో మాట్లాడాకే ఆ సెక్షను అమలు చేస్తామంది. జూలై 1న కొత్త చట్టం వచ్చింది గానీ ఆ ఒక్క ముక్కని పక్కన పెట్టారు.

అదే 2019లో తెలంగాణ ఆర్టీసీ వాళ్లు దాదాపు 48 వేల మంది, దసరా ముందు చూసుకుని మరీ దిగారు. 52 రోజులు! తాత్కాలిక డ్రైవర్లతో బస్సులు తిప్పారు, జీతాలు ఆగిపోయాయి. ఆర్టీసీని ప్రభుత్వంలో కలపమని అడిగింది అప్పుడు దక్కకుండానే డ్యూటీకి వస్తామన్నారు. తెగువ తక్కువై కాదురా. బస్సు ఆగితే జనం ఆటో ఎక్కుతారు. ట్యాంకరు ఆగితే ఆ ఆటోయే ఆగిపోతుంది.

మీ గోడౌను పండగ సేల్ వారంలో చేపల లోడు. సేల్ అయిపోయాక ఒట్టి సిమెంటు. పైగా మీలో సగం మంది కాంట్రాక్టరు మనుషులన్నావు. వాళ్లని కలుపుకోకుండా దిగారంటే, మర్నాడు మీ స్కానర్లు వాళ్ల చేతుల్లో ఉంటాయి. మీ లీడరుని ఈ రెండూ అడుగు.

మీ అమ్మకి రాత్రి చెప్పేశాను. తిట్టింది. తిడుతూనే 25 కిలోల బియ్యం, కందిపప్పు, ఆవకాయ సర్దింది. ఎల్లుండి ఆర్టీసీ పార్సిల్లో వేస్తాను. అవి చేరేదాకా ఆ లీడరుని కాస్త ఆగమను.

మీ నాన్న