2024-25 సంవత్సరానికి కార్యదర్శి నివేదిక

గౌరవ అధ్యక్షులకు, సభ్యులకు నమస్కారం.

నెలవారీ పఠన సమావేశాలు పన్నెండింటికి పది జరిగాయి. రెండు వానకు కొట్టుకుపోయాయి. వేసవి చలివేంద్రం, పిల్లలకు నోటు పుస్తకాల పంపిణీ ఎప్పటిలాగే నడిచాయి. కుండలు ఇచ్చినవారికి, రోజూ నీళ్ళు నింపిన వీధివారికి, మైకు అద్దె తీసుకోని సభ్యునికి కృతజ్ఞతలు.

ఈ ఏడాది గట్టిగా చెప్పుకోదగ్గది ఫిబ్రవరి 2న శ్రీకాకుళంలో జరిపిన సిమోన్ వెయిల్ సభ. మరునాడే ఆమె జయంతి. 1909లో పారిస్‌లో పుట్టిన ఆ తత్త్వవేత్త పాఠాలు చెప్పుకుంటూ హాయిగా బతకగలిగేది. అయినా 1934 చివర ఫ్యాక్టరీలో కూలికి చేరింది. చైనాలో కరువు అని విని ఏడ్చిందని తోటి విద్యార్థిని రాసుకుంది. సంస్కృతం నేర్చుకుని గీత చదివిందనగానే సభలో కదలిక వచ్చింది. ఆక్రమిత ఫ్రాన్సులో జనానికి దొరికే తిండికి మించి తిననని పట్టుబట్టి, క్షయతో 1943లో ఇంగ్లండులో కన్నుమూసింది. అప్పటికి 34 ఏళ్ళు. అంత కఠినం అవసరమా అని ఒక పెద్దాయన అడిగారు. నాకూ ఆ సందేహం ఉంది. కానీ బాధలో ఉన్నవాణ్ణి ముందుగా ‘నీ కష్టమేమిటి?’ అని అడగగలగడమే పొరుగువాడి మీద ప్రేమ అన్న ఆమె మాట అందరికీ నచ్చింది. చప్పట్లు బాగా మోగాయి.

ముఖ్య అతిథిగా వస్తానన్న అధికారి రాలేదు. అరసవల్లి రథసప్తమి పనులన్నారు. పండగ 4వ తేదీన అని తెలిసీ ముహూర్తం పెట్టిన తప్పు మాదే. అయినా ఒక్క ఫోను చేసి ఉంటే ఆ దండ వాడిపోయేదాకా కుర్చీ మీద ఉండేది కాదు.

తరువాతి శనివారం కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వెళ్ళాము. చప్పట్లు కొట్టినవారిలో యాభై మంది వస్తామన్నారు, బండి ఎక్కింది ఏడుగురు. వంద కిలోమీటర్లకు పైబడిన దారి, కవిటి వైపు. డయాలసిస్ రోగులకని మూడు గెలల అరటిపళ్ళు, కొబ్బరి బోండాలు పట్టుకెళ్ళాము. నర్సమ్మ గుమ్మంలోనే ఆపింది. ‘వీళ్ళకు పొటాషియం పడదు, ఇవి పెడితే గుండెకే ప్రమాదం, ఎవరినైనా అడిగి తేవలసింది’ అంది. సభలో చప్పట్లు కొట్టిన ప్రశ్నను మేమే అడగలేదు. కొబ్బరి తోటల మధ్య పుట్టి పెరిగిన ఒక రోగి బోండాం వైపు చూసి, తల తిప్పుకున్నాడు. అప్పుడు అడిగాము. సూది తీశాక కాళ్ళు వణుకుతాయనీ, బస్సు కోసం రోడ్డు మీద నిలబడలేకపోతున్నాననీ చెప్పాడు. ఆ మార్చి నుంచి ఐదుగురికి ఇంటిదాకా ఆటో ఖర్చు సంఘం భరిస్తోంది.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా ఇస్తారు. లోటు లేదు. చందా బకాయి ఉన్నవారికి తమ సంగతి తెలుసు.

వచ్చే ప్రయాణానికి పేర్లు ఇవ్వండి. ఇచ్చినవారు రండి. పళ్ళు తేవద్దు.

కార్యదర్శి