సాక్షి సంతకం పెట్టినవాడికి

పెరంబూర్, చెన్నై
ఆదివారం రాత్రి

బావా,

క్రిస్మస్ సెలవులకు అందరినీ తీసుకుని వస్తున్నాననీ, చెన్నైలో రెండు రోజుల్లో ఏమి చూడాలో, ఎక్కడ తినాలో వివరంగా రాయమనీ అన్నావు. రాస్తాను. కానీ నిన్న శనివారం అవన్నీ ఇంకొకరికి తిప్పి చూపించి వచ్చాను. ఆ మనిషి ఎవరో చెప్పకుండా ఊరి సంగతులు చెప్పడం నా వల్ల కావడం లేదు.

మా పెదనాన్న కొడుకు, చిన్నన్నయ్య. అవును, అతనే. ఇప్పుడు మా హాల్లో చాప మీద పడుకుని గురక పెడుతున్నాడు.

రేపు ఇక్కడ అతనికి కంటి శుక్లాల ఆపరేషన్. చీరాల నుంచి ఫోను చేస్తే మా ఇంటావిడ ఎత్తింది. నేను ఎత్తి ఉంటే ఏమయ్యేదో నీకు తెలుసు. "లాడ్జిలో ఎందుకు బావగారూ, ఇంటికి రండి" అనేసింది. ఆ పూట నేను అన్నం తినలేదు. ఆమె పట్టించుకోనూ లేదు. శుక్రవారం రాత్రి సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడితే ఒక్క క్షణం మా పెదనాన్నే వచ్చాడనుకున్నాను. అంత ముసలివాడయ్యాడు.

పొద్దున్నే ఇంట్లో ఎదురెదురుగా కూర్చోవడం ఇద్దరికీ కష్టమే కాబట్టి ఊరు చూపిస్తానని బయలుదేరదీశాను. మొదట తిరువల్లికేణి వెళ్ళి రత్నా కేఫ్‌లో సాంబారు ఇడ్లీ తిన్నాం. 1948 నాటి హోటలు. నువ్వు తప్పకుండా వెళ్ళు. ఇడ్లీ పక్కన గిన్నెలో సాంబారు పెట్టడం అక్కడి పద్ధతి కాదు. మనిషి జగ్గుతో వచ్చి ఇడ్లీలు మునిగేదాకా పోస్తాడు, అడిగితే మళ్ళీ పోస్తాడు. సాంబారు కొంచెం తియ్యగా ఉంటుంది, మన నాలుకకు మొదటి ముద్ద నచ్చదు. మూడో ముద్దకు తల వంచుకుని తింటావు. మేమిద్దరం అలాగే తిన్నాం, తల వంచుకుని, మాట లేకుండా. పోసేవాడు మూడుసార్లు పోశాడు.

అక్కడి నుంచి శాంథోమ్ చర్చికి. యేసు శిష్యుడు తోమా సమాధి మీద కట్టిన చర్చి అది. అపొస్తలుల సమాధుల మీద లేచిన చర్చిలలో రోములోని పేతురుదీ స్పెయిన్‌లోని యాకోబుదీ కాక ఇదొక్కటేనని ఇక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. ఎముకలు చాలా వరకు ఏనాడో ఎదెస్సాకు, అక్కడి నుంచి ఇటలీలోని ఒర్తోనాకు చేరాయన్న సంగతి మాత్రం కాస్త గొంతు తగ్గించి చెబుతారు. పోర్చుగీసువాళ్ళు 1523లో కట్టారు, ఇప్పుడున్న తెల్లటి కట్టడం ఇంగ్లీషువాళ్ళ కాలంలో 1890లలో లేచింది. సమాధి గదికి వెనకవైపు నుంచి మెట్లు దిగాలి. మన బాప్టిస్టులకు సమాధుల దగ్గర మోకరించడం అలవాటు లేదు కదా, నేను చేతులు కట్టుకుని పరీక్షాధికారిలా నిలబడ్డాను. అన్నయ్య మాత్రం ఓ మూల బల్ల మీద కూర్చుని చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. ప్రార్థన చేశాడో కునికాడో తెలియదు.

చర్చి వెనక సముద్రం వైపు ఒక కొయ్య స్తంభం ఉంది. తోమా నాటాడనీ, దాన్ని దాటి సముద్రం రాదనీ, 2004 సునామీలో అలాగే జరిగిందనీ చెబుతారు. ఆ అలే ఈ తీరంలోని జాలరి కుప్పాలలో ఎందరినో మింగింది. అందుకే నాకు ఆ కథ చెప్పబుద్ధి కాదు. పిల్లలకు నువ్వు చెప్పుకో.

అక్కడి నుంచి కపాలీశ్వరుడి కోనేరు దాకా నడిచే వెళ్ళవచ్చు, కాకపోతే ఇప్పుడు మైలాపూరంతా మెట్రో తవ్వకాలు, దుమ్ము. ఈ గుడి ఒకప్పుడు సముద్రపు ఒడ్డునే ఉండేదట. పోర్చుగీసులు దాన్ని పడగొట్టాక ఇంత లోపలికి వచ్చి మళ్ళీ కట్టుకున్నారట. శాంథోమ్ నుంచి వచ్చి ఆ కోనేటి మెట్ల మీద కూర్చుంటే నాకు ఎప్పుడూ కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. ఎవరో మన పేరు చెప్పి అప్పు చేసి పోయినట్టు. అయినా ఆ మాడవీధుల్లోనే కాళత్తి దుకాణంలో రోజ్‌మిల్క్ ఇద్దరం తాగాం. చిక్కటి గులాబీ రంగు, చల్లగా. మీ చిన్నదానికి ఒకటి సరిపోదు. సాయంత్రం అక్కడ ఉంటే కర్పగాంబాళ్ మెస్‌లో ఆకుకూర వడ తినండి, కీరై వడై అని అడగాలి.

మధ్యాహ్నం టీ.నగర్‌లో ఆంధ్రా భోజనం. ఇక్కడి ఆంధ్రా మెస్సులకు ఒక జబ్బు ఉంది. బోర్డు మీద ఆంధ్రా అని రాసుకున్నందుకు కారం రెండింతలు వేస్తారు. మనం ఇంట్లో ఎప్పుడైనా అంత తిన్నామా? కానీ కందిపొడి, నెయ్యి, గోంగూర ఆకులో పడగానే అన్నయ్య మొహం వెలిగింది. "పిన్ని చేసిన గోంగూర లాగా లేదు" అన్నాడు. మా అమ్మ గురించి రెండు రోజుల్లో అతనన్న మొదటి మాట అది. నేను మజ్జిగ పోయించుకుని లేచాను.

ఎందుకు లేచానో నీకు తెలుసు. మూడు లక్షలు. 2014లో నేను చీటీ పాడి ఎత్తి ఇచ్చిన డబ్బు. రెవెన్యూ స్టాంపు మీద అతని సంతకం, కింద సాక్షిగా నీ సంతకం. నా కూతురి పెళ్ళికి అడిగితే ఫోను ఎత్తడం మానేశాడు. మన తెలుగు బైబిలులో సమాధానం అంటే శాంతి. మా ఇద్దరి మధ్య అన్నేళ్ళు ఏ అర్థంలోనూ సమాధానం లేదు. 2019లో అమ్మ భూస్థాపనకు కూడా రాలేదు. డబ్బు సంగతి ఎలాగోలా మింగేవాడినేమో. సమాధి దగ్గర నా పక్క ఖాళీగా ఉండటం మింగుడుపడలేదు. ప్రోనోటుకు మూడేళ్ళు దాటితే కాలదోషం పడుతుందని అప్పుడు నువ్వే హెచ్చరించావు. చట్టం మూడేళ్ళకే దించేసుకున్న బరువును నేను పదకొండేళ్ళు మోశాను.

భోజనం అయ్యాక ఆటోలో చిన్నమలైకి వెళ్ళాం. సైదాపేట దగ్గర చిన్న గుట్ట. తోమా దాక్కున్నాడని చెప్పే గుహ ఉంది, వంగి దూరాలి. బండ మీద ఆయన అరచేతి గుర్తు అని చూపిస్తారు. అన్నయ్య తడుముకుంటూ వచ్చి, "ఎక్కడరా చెయ్యి? నాకు నల్లగా బండే కనబడుతోంది" అన్నాడు. శుక్లాలు కదా. మణికట్టు పట్టుకుని దారి చూపించాను. సన్నబడిపోయింది బావా ఆ చెయ్యి. నాకు బావిలో ఈత నేర్పిన చెయ్యి అది.

అక్కడే మెట్రో ఎక్కి, ఆలందూరులో మారి, పరంగిమలై, అంటే సెయింట్ థామస్ మౌంట్ స్టేషనులో దిగాం. మూడు వందల అడుగుల కొండ. మెట్లు పెత్రుస్ ఉస్కాన్ అనే ఆర్మేనియన్ వర్తకుడు పద్దెనిమిదో శతాబ్దంలో కట్టించాడు. సైదాపేట దగ్గర అడయారు మీద వంతెన కూడా ఆయన డబ్బుతోనే వేశారు. మీ అత్తగారిని మెట్లు ఎక్కించకు, పైదాకా కారు వెళుతుంది. పైన చిన్న చర్చి, పీఠం దగ్గర పహ్లవీ అనే పాత పారశీక లిపి చెక్కిన రాతి శిలువ. 1547లో తవ్వకంలో దొరికిందట. తోమాను చంపింది ఈ కొండ మీదనేనని నమ్మకం.

చర్చి బయట గట్టు మీద కూర్చున్నాం. కింద విమానాశ్రయం. విమానాలు వాలుతూ ఉంటే ఇద్దరు ముసలివాళ్ళం చిన్నపిల్లల్లా లెక్కపెట్టాం. లెక్క అంటే గుర్తొచ్చింది, 1802లో విలియం లాంబ్టన్ దేశాన్ని కొలవడం మొదలుపెట్టింది ఈ కొండ పక్క మైదానంలోనే. ఉక్కు గొలుసు పరిచి ఏడున్నర మైళ్ళ గీత కొలిచి, దాన్ని ఆధారం చేసుకుని త్రికోణాలు కట్టుకుంటూ పోయారు. ఆ మొదటి గీత తప్పితే పైన లెక్కంతా తప్పే.

ఆ మాట అన్నయ్యకు చెబుతూ ఉంటే నాకు యేసు చెప్పిన పదివేల తలాంతుల ఉపమానం తట్టింది. ప్రతి ప్రసంగంలోనూ మనకు ఏమి చెప్పారు? పెద్ద అప్పు మాఫీ అయినవాడు చిల్లర అప్పు కోసం తోటిదాసుడి గొంతు పట్టుకున్నాడు అని. ఆ నూరు దేనారాలు చిల్లర ఎలా అవుతాయి? ఇంకో ఉపమానంలో ద్రాక్షతోట కూలీలకు రోజుకు ఇచ్చింది ఒక దేనారం. అంటే నూరు రోజుల కూలి. రోజుకు ఎనిమిది వందలు వేసుకున్నా ఎనభై వేలు. పేదవాడికి అది ఇల్లు కదిలే డబ్బు. ఇక తలాంతు అంటే ఆరువేల దేనారాలు. పదివేల తలాంతులు తీర్చాలంటే ఏడాదికి మూడు వందల రోజులు పనిచేసినా రెండు లక్షల ఏళ్ళు పడుతుంది. నా మూడు లక్షలు ఏమీ కావు అనుకుని క్షమించమంటే నాకు ఎప్పుడూ ఒళ్ళు మండేది. ప్రభువు వాటిని సున్నా అనలేదు, నూరు అని లెక్క వేసే చెప్పాడు. అది గుర్తించాకే నాకు ఊపిరి ఆడింది. పోయింది నిజంగా పోయిందని ఒప్పుకుంటేనే కదా వదిలేయడానికి చేతిలో ఏదో ఉన్నట్టు.

తోమా సంగతీ అంతే. పునరుత్థానమైన సాయంత్రం శిష్యుల మధ్య నిలబడి ప్రభువు సమాధానం చెప్పాడు, మీరు ఎవరి పాపాలు క్షమిస్తే అవి క్షమింపబడతాయన్నాడు. ఆ రోజు "తోమా వారితో లేకపోయెను". క్షమాపణ పాఠం రోజున గైరుహాజరు! మనం అతన్ని అనుమానపు తోమా అంటాం కానీ, అతను అడిగిందల్లా గాయాలు చూపించమని. వారం తర్వాత చూపించాడు. పారిపోయిన వాళ్ళందరినీ క్షమించిన తర్వాత కూడా ఆ గాయాలు అలాగే ఉన్నాయి.

ఇవేవీ అన్నయ్యతో అనలేదు. అతనే అన్నాడు, విమానం చప్పుడు తగ్గాక. "పిన్ని చనిపోయినప్పుడు ఒంగోలు దాకా వచ్చాను. బస్టాండులో కూర్చుని తిరిగి వెళ్ళిపోయాను. పెట్టె దగ్గర నీ మొహం ఎలా చూడను?"

ఒంగోలు బస్టాండు నుంచి మా ఇల్లు ఎంత బావా? అడుగు తీసి అడుగు వేస్తే వస్తుంది. నా అప్పు నా దగ్గర మూడు లక్షలే తీసుకుంది. అతని దగ్గర పిన్ని చివరి చూపు తీసుకుంది. నేను ఏమీ మాట్లాడలేకపోయాను. "మెట్లు దిగేటప్పుడు నా భుజం పట్టుకో, చీకటి పడుతోంది" అని మాత్రం అన్నాను.

చిన్నప్పుడు సండే స్కూలులో "డెబ్బది ఏళ్ల మారులమట్టుకు" (డెబ్బై ఏడులసార్లు) క్షమించమన్న వాక్యానికి డెబ్బై ఏళ్ళు వచ్చేదాకా క్షమించాలని అర్థం చేసుకుని, "డెబ్బై ఒకటో ఏట కొట్టవచ్చా టీచర్?" అని నువ్వు అడిగావు, గుర్తుందా? చిన్నన్నయ్యకు ఇప్పుడు అరవై ఎనిమిది. ఇంకా మూడేళ్ళు ఆగాలి.

ఈ ఉదయం తెలుగు ఆరాధనకు ఇద్దరం వెళ్ళాం. ప్రభువు ప్రార్థనలో "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" దగ్గరకు వచ్చేసరికి నా పక్కన నా ఋణస్థుడే నిలబడి ఉన్నాడు. అతని గొంతు ఆగింది. నాదీ ఆగింది. ఆ "క్షమించియున్న" అన్న మాట చూడు, పని ముందే అయిపోయినట్టు ఉంటుంది. మా ఇద్దరినీ వదిలేసి సంఘం "మా ఋణములు క్షమించుము" దాకా వెళ్ళిపోయింది. "శోధనలోకి తేక" దగ్గర మళ్ళీ కలిశాం.

నోటు మాత్రం ఇంకా బీరువాలోనే ఉంది. రాత్రి తీసి చూశాను, చించలేదు. చించితే అతనికి చెప్పాలా? చెబితే పెద్దరికం చూపించినట్టు కాదా? చెప్పకపోతే మళ్ళీ ఏ బస్టాండులోనో ఆగిపోడా? నాకు తేలలేదు. సాక్షివి నువ్వు కూడా ఉండగా చూద్దాంలే.

ఇక అసలు సంగతి. శనివారం పొద్దున్నే బయలుదేరండి, రత్నాలో పది దాటితే జనం. నీళ్ళ సీసాలు మరిచిపోవద్దు, డిసెంబరు అయినా ఇక్కడ చెమట పోస్తుంది. చినుకులు కూడా ఉండవచ్చు, ఒక గొడుగు పెట్టుకో. ఆపరేషన్ తర్వాత డాక్టరు మళ్ళీ చూడాలి కాబట్టి అన్నయ్య అప్పటిదాకా ఇక్కడే ఉంటాడు. వచ్చేటప్పుడు అల్లూరయ్య మైసూర్‌పాక్ నాకు ఒక కేజీ. అతనికి విడిగా ఇంకొక కేజీ కట్టించు, నాది ఇవ్వను.

నీ బావ