పాయింట్ల పట్టికలో చోటు దొరకని పరిశోధన: కేంద్ర విద్యాశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు ఎకాలజీ (జీవావరణ శాస్త్రం) పాఠాలు చెప్పే అధ్యాపకుణ్ణి. ప్రమోషన్ల కోసం మా పరిశోధనను కొలవడానికి విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల్లో ఒక పాయింట్ల పట్టిక ఇచ్చింది. అది మా శాస్త్రానికి అన్యాయం చేస్తోంది. ఎలాగో ఎకాలజీ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ గారి పనిని చూస్తే తెలుస్తుంది.

గాడ్గిల్ గారు హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేశారు. జీవులు తమ శక్తిలో ఎంత ఎదుగుదలకు, ఎంత సంతానానికి వెచ్చిస్తాయన్న ప్రశ్నపై 1970లో విలియం బోసర్ట్‌తో కలిసి రాసిన పేపర్‌ను ఆ రంగంలో ఇప్పటికీ ఉదహరిస్తుంటారు. అక్కడే ఉండిపోతే అలాంటివి ఇంకెన్నో రాసేవారు. కానీ 1971లో తిరిగొచ్చి, తర్వాత బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ)లో చేరారు.

1975లో కర్ణాటక ప్రభుత్వం ఆయనకు వెదురు అధ్యయనం అప్పగించింది. ఉత్తర కన్నడ అడవుల్లో కాగితం మిల్లుకు వెదురు చాలడం లేదు. వెదురు బాగా పెరగాలని పొదల మొదట్లో ఉండే ముళ్లను కొట్టించేవారు. అలా కొడితే లేత పిలకలను పశువులు మేసేస్తాయని, ముళ్లే వాటికి కంచె అని ఊళ్లవాళ్లు గాడ్గిల్ గారికి చెప్పారు. ఆయన ఆ మాటను కొట్టిపారేయకుండా పొదల్లో పరీక్షించి చూశారు. ఊళ్లవాళ్లు చెప్పిందే నిజమని తేలింది. 1993లో ఫిక్రెత్ బెర్కెస్, కార్ల్ ఫోల్కేలతో కలిసి ‘ఆంబియో’ అనే శాస్త్ర పత్రికలో ఆయన రాసిన పేపర్, జీవవైవిధ్య రక్షణకు స్థానికుల జ్ఞానం ఎంత అవసరమో చెబుతుంది. ప్రపంచమంతటా పరిశోధకులు దాన్ని ఉదహరిస్తారు. నా ఉద్దేశంలో ఆ పేపర్‌కు వేళ్లు ఆ వెదురు పొదల్లోనే ఉన్నాయి.

ఊరివాళ్లకు తెలిసిన చెట్టూ చేమా, పిట్టా చేపా వివరాలన్నీ ఊరే రాసుకోవాలన్న ఆయన ఆలోచన ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ అయింది. 2002 జీవవైవిధ్య చట్టం వచ్చాక అది దేశమంతటా స్థానిక సంస్థల బాధ్యతగా మారింది. 2011లో ఆయన అధ్యక్షతన పశ్చిమ కనుమల నిపుణుల బృందం ఆ కొండల రక్షణపై ఇచ్చిన నివేదికను, 2018 కేరళ వరదలప్పుడూ 2024లో వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడ్డ విషాదం తర్వాతా జనం మళ్లీ తీసి చదివారు.

ఇప్పుడు పట్టిక చూడండి. సైన్సులో ఒక పేపర్‌కు 8 పాయింట్లు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను (ఆ పత్రికలోని పేపర్లను సగటున ఎంతమంది ఉదహరించారన్న లెక్కను) బట్టి అదనంగా 30 దాకా వస్తాయి. కేంద్ర ప్రభుత్వానికిచ్చిన విధాన పత్రానికి 7. అంటే ఆరు రాష్ట్రాల కొండలను పరిశీలించి రాసిన ఆ నివేదికకు ఒక్క పేపర్‌కున్న విలువ కూడా లేదు. ఊరి రిజిస్టర్‌కైతే గడే లేదు.

దీని ఫలితం మా ఊళ్లలో కనిపిస్తోంది. 2020 జనవరి 31లోగా అన్ని రిజిస్టర్లూ పూర్తి కావాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు పెట్టడంతో చాలాచోట్ల హడావుడిగా నింపేశారు. నల్లమల చెంచులతో, కొల్లేరు మత్స్యకారులతో కూర్చుని ఓపిగ్గా రాయాల్సిన పని అది. దగ్గర్లోని కాలేజీ అధ్యాపకులు, విద్యార్థులు చేయగలరు. కానీ ప్రమోషన్ టెన్షన్‌లో ఉన్న యువ అధ్యాపకుడు ఒక చెరువుకొచ్చే పక్షులను పదేళ్లు లెక్కపెడతాడా, డబ్బు కడితే అచ్చేసే పత్రికకు పేపర్ పంపుతాడా? నా సహోద్యోగులను నేను తప్పుపట్టలేను. వాళ్లను అటు నెట్టింది పాయింట్ల లెక్కే.

2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదాలో సమాజంతో కలిసి చేసే పనికీ, భారతీయ భాషల్లో బోధనకూ చోటిచ్చారు. మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. అయితే ‘సమాజ సేవ’ అన్న ఒక్క మాట చాలదు. ఒకరోజు మొక్కలు నాటి ఫొటో దిగడమూ అందులోకే వస్తుంది, మూడేళ్లు ఊరితో కలిసి రాసిన రిజిస్టరూ అందులోకే వస్తుంది. తోటి శాస్త్రవేత్తలు పరిశీలించిన రిజిస్టర్లను, ఏళ్ల తరబడి సేకరించి అందరికీ అందుబాటులో ఉంచిన క్షేత్ర సమాచారాన్ని పరిశోధనగానే గుర్తించాలని నిబంధనల్లో పేరుపెట్టి రాయించండి. వాటిని అంచనా వేసే కమిటీలో క్షేత్రంలో పనిచేసిన ఎకాలజిస్టు ఒకరైనా ఉండాలి. ఆ రిజిస్టర్‌ను తెలుగులో రాసినా, గోండిలో రాసినా పాయింట్లు తగ్గకూడదు.

భవదీయుడు,
ఒక ఎకాలజీ అధ్యాపకుడు